చేతులు కదలని నాట్యం

కిందటి నెల మా మనవరాలి డాన్సు పోటీకి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. నా మీద ప్రేమ పొంగి కాదు, విగ్గు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునే మనిషి ఒకరు కావాలి. నీనాకి పదకొండేళ్ళు. ఇక్కడే, ఇంగ్లీషువాళ్ళ దేశంలో, బ్రాక్‌నెల్‌లో పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆ పిల్ల నేర్చుకునేది ఐరిష్ డాన్సు. రీడింగ్ ఊరి బయట ఒక లీజర్ సెంటర్లో, బాడ్మింటన్ కోర్టుల మీద చెక్కలు పరిచి మూడు స్టేజీలు వేశారు. ఎక్కడ చూసినా తల్లులు మోకాళ్ళ మీద కూర్చుని కూతుళ్ళ కాళ్ళకి స్పాంజితో గోధుమరంగు పూస్తున్నారు. దీపాల వెలుతురులో తెల్ల కాళ్ళు పాలిపోయినట్టు కనిపిస్తాయట. మేజోళ్ళు జారకుండా జిగురు, గౌను నిండా తళుకు రాళ్ళు, నెత్తిన గుత్తులు గుత్తులుగా ఉంగరాల విగ్గు. ఈ రంగు కాళ్ళు నాకు పుట్టుకతోనే వచ్చాయి, ఎవరూ పూయలేదు అని మా అమ్మాయితో అన్నాను. "మమ్, ప్లీజ్" అంది తను, చుట్టుపక్కల చూసుకుంటూ. విగ్గు సర్దబోతే నీనా కూడా "అమ్మమ్మా, డోంట్ టచ్ ద కర్ల్స్" అని కసిరింది. సరే, చేతులు వెనక్కి తీసుకున్నాను.

తర్వాత నీనా వంతు వచ్చింది. అకార్డియన్ వాయిద్యం మొదలయ్యేసరికి పిల్ల నిటారుగా నిలబడి, రెండు చేతులూ పక్కలకి ఆనించి, మొహం గోడలా పెట్టేసింది. కింద కాళ్ళు మాత్రం విరుచుకుపడుతున్నాయి. నేను ఈ డాన్సు నేర్చుకున్న రోజులకీ ఇప్పటికీ బట్టలు మారాయి, జుట్టు మారింది, చెప్పుల అడుగున తోలూ మేకులూ పోయి ఫైబర్ వచ్చింది. ఆ చేతులు మాత్రం మారలేదు. ఏదో ఒకటి అనిపిస్తుందేమో అని చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. చిగురుకి మత్తు సూది వేయించుకుని ఇంటికి వచ్చిన రోజు చెంప ఎలా ఉంటుందో, ఆ నాలుగు నెలలూ నేను అలాగే ఉన్నాను. తిన్నాను, తిరిగాను, కౌన్సిల్ వాళ్ళకి కాగితాలు నింపి పంపాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఏడుపు వచ్చి కాదు. చెప్పవలసిన విషయం ఒకటి ఉంది, చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

నా చిన్నప్పుడు మేము స్లౌ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న ఆసుపత్రిలో డాక్టరు, ముసలివాళ్ళ వార్డులో. ఆ వార్డుకి ఇక్కడి డాక్టర్లు రామనేవాళ్ళు కాబట్టి మన ఆంధ్రా వాళ్ళే ఇద్దరు ముగ్గురు వంతులేసుకుని నడిపేవారు. ఆసుపత్రి వెనక వరస ఇళ్ళలో మాకు ఒకటి ఇచ్చారు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. పారాఫిన్ హీటరు, దాని పక్కన ఆరేసిన తడి బట్టలు, పక్కింటి నుంచి వచ్చే ఉడికిన క్యాబేజీ, దాని మీద అమ్మ వేసే ఇంగువ పోపు. నాన్న కోటుకి ఎప్పుడూ ఆసుపత్రి ఫినాయిలు. అమ్మ కూడా ఆసుపత్రిలోనే, దుప్పట్లూ గౌన్లూ చిరుగులు కుట్టే గదిలో పనిచేసేది. పదింటికి వెళ్ళి ఆరింటికి వచ్చేది. డాక్టరు భార్య చిరుగులు కుట్టడమేమిటని ఇంకో డాక్టరు గారి భార్య అంటే, "ఇంట్లో కూచుని గోడల్తో మాటాడ్డం కంటే నయం కదండీ" అని ఊరుకుంది. నా మెళ్ళో ఇంటి తాళంచెవి ఉండేది. స్కూలు నుంచి నాలుగింటికి వచ్చి తలుపు తీసి, గుమ్మం దగ్గర చాప మీద పడి ఉన్న ఉత్తరాలు ఏరి బల్ల మీద పెట్టడం నా పని.

ఉత్తరాలంటే ముఖ్యంగా తెనాలి నుంచి మామయ్య రాసే నీలం ఎయిర్‌మెయిలు. దాన్ని విప్పేది నేనే. తెలుగు మరిచిపోకూడదని అమ్మ నాకు పెట్టిన నియమం అది. సాయంత్రం అమ్మ వచ్చి కాళ్ళు కడుక్కుని, కాఫీ కలుపుకుని కూర్చుంటే, నేను నిలబడి ఉత్తరం పైకి చదవాలి. ఒత్తుల దగ్గర తడబడితే మళ్ళీ మొదటి నుంచి. "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను" అన్న వాక్యం చూడకుండానే వచ్చేసేది. అమ్మ మాత్రం ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు వినేది. చివర్లో అమ్మమ్మ చెప్పి రాయించిన రెండు మాటలుండేవి. అవి రెండుసార్లు చదివించుకునేది.

డాన్సు నేర్పింది సిస్టర్ గెరటీ. సిస్టర్ అంటే సన్యాసిని కాదు, నాన్న వార్డులో పెద్ద నర్సు. ఐర్లండు పడమటి తీరం నుంచి పదహారేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చిందట. గదులు అద్దెకిచ్చేవాళ్ళు ఫలానా వాళ్ళు రావద్దని పెట్టే బోర్డుల మీద ఐరిష్ వాళ్ళూ మా రంగు వాళ్ళూ పక్కపక్కనే ఉండేవాళ్ళం కాబట్టి, ఆవిడకి మా ఇంట్లో చనువుండేది. బుధవారం సాయంత్రాలు చర్చి వెనక హాల్లో ఐరిష్ పిల్లలకి క్లాసు. నన్నూ తీసుకెళ్ళింది. నేల మైనం వాసన, తడి కోట్లు, మూల టీ కాగే పెద్ద డ్రమ్ము, గ్రామఫోను మీద గీతలు పడ్డ రికార్డు. ఆవిడ మధ్యలో ఆపి కథలు చెప్పేది. పూర్వం వాళ్ళ దేశంలో డాన్సు మాస్టర్లు ఊరూరా తిరిగేవారట. ఒక ఇంట్లో ఆరు వారాలు మకాం పెట్టి ఊరందరికీ నేర్పి ఇంకో ఊరికి వెళ్ళేవారట. ఎడమ కుడి తెలియని వాళ్ళకి ఒక కాలికి ఎండుగడ్డి, ఇంకో కాలికి గోధుమగడ్డి కట్టి, "ఎండుగడ్డి కాలు ఎత్తు, గోధుమగడ్డి కాలు ఎత్తు" అని నేర్పేవారట. ఇళ్ళు మరీ ఇరుకు, తలుపు ఊడదీసి నేల మీద వేసి దాని మీదే చేసేవారట. చేతులు ఎందుకు కదపరు అని నేనడిగితే ఆ వారం ఒకటి, పై వారం ఒకటి చెప్పేది. తలుపు మీద చేతులు చాపితే పక్కవాడి ముక్కు పగులుతుందని ఒకసారి, పాదిరీలు ఒప్పుకోలేదని ఒకసారి, కిటికీలోంచి చూసేవాడికి లోపల డాన్సు జరుగుతోందని తెలియకూడదని ఇంకోసారి. "అసలు సంగతి నాకూ తెలీదు తల్లీ. మా అమ్మ కదపలేదు, నేనూ కదపలేదు" అని ఒకరోజు ఒప్పేసుకుంది. నాకు ఆవిడ మీద గౌరవం ఆ రోజే కలిగింది.

అమ్మకి మాత్రం అది నచ్చలేదు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. ఇంట్లో నేను సాధన చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. "చేతులు కట్టేసుకుని డాన్సేవిటే? మొహంలో ఒక్క భావం లేదు. బస్సు కోసం నించున్నట్టుంది" అనేది. అయినా పోటీ ఉందని తెలియగానే గౌను కుట్టింది అమ్మే. అప్పట్లో గౌన్లు కొనుక్కునేవాళ్ళు లేరు. ఆకుపచ్చ ఊలు గుడ్డ మీద, సిస్టర్ గెరటీ ఇచ్చిన పాత పుస్తకంలోని ముడుల డిజైన్లు తల్లులే రంగుదారాలతో కుట్టేవారు. మొదలూ చివరా లేని ఆ మెలికలు చూసి అమ్మ, "ఇది మన మెలికల ముగ్గేగా! చుక్కలు చెరిపేశారు, అంతే" అని నమూనా పక్కన పడేసి తనకి తోచినట్టు అల్లేసింది. బుధవారం దాన్ని చూసి సిస్టర్ గెరటీ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

గొడవ వచ్చింది జుట్టు దగ్గర. పోటీకి ఉంగరాల జుట్టు ఉండాలి. ముందురోజు పంచదార నీళ్ళతో తడిపి, గుడ్డ పేలికలతో చుట్టి కట్టి, పొద్దున్న విప్పాలి. మా అమ్మ చేతిలో పెరిగిన నా జుట్టు కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ, చుట్టిన పేలికలోంచి అలా జారిపోయేది. వారం రోజులు నూనె ముట్టొద్దని సిస్టర్ గెరటీ ఆర్డరు వేసింది. అమ్మ దిగాలుపడింది. "వారం రోజులు నూనె లేకుండా, జడ లేకుండా ఆడపిల్లా? ఎవరైనా పోతేనే కదే అలా ఉంటాం" అని, వెంటనే నాలిక కరుచుకుని నా నెత్తి మీద చెయ్యి వేసింది. నాన్న పాత పంచె చింపి పేలికలు సిద్ధం చేసింది. పోటీ శనివారం, రీడింగ్‌లో. అమ్మ మొదటిసారి సెలవు పెట్టుకుని నాతో వస్తానంది.

ఆ వారం గురువారం నాడు నాలుగింటికి తలుపు తీసేసరికి చాప మీద నీలం ఉత్తరం ఉంది. అలవాటుగా విప్పాను. మొదటి వాక్యంలో క్షేమం లేదు. మామయ్య అక్షరాలు ఎప్పుడూ గుండ్రంగా ఉంటాయి, ఆ రోజు పక్కకి వాలి ఉన్నాయి. అమ్మమ్మ పోయింది. జ్వరం మూడు రోజులే. టెలిగ్రాం ఇస్తే పరాయి దేశంలో నువ్వు బెదిరిపోతావని ఉత్తరమే రాస్తున్నాను చెల్లీ, వచ్చే శనివారం పదో రోజు, ఆ రోజుకైనా ఇది నీకు అందితే తలస్నానం చేసి దీపం పెట్టి అమ్మని తలుచుకో అని రాశాడు. ఒక్క ఒత్తు దగ్గర కూడా నేను తడబడలేదు.

అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల కదా, ఎవరైనా నమ్ముతారు. కానీ అర్థమైంది. ఇంట్లో మైల అంటే ఏమిటో తెలుసు. అంతకుముందు ఏడు నాన్న పెత్తండ్రి పోతే దీపావళి కాకరపువ్వొత్తులు పెట్టెలోనే ఉండిపోయాయి. ఈ ఉత్తరం అమ్మ చేతికిస్తే శనివారం లేదు, రీడింగ్ లేదు, ఆకుపచ్చ గౌను లేదు. అమ్మమ్మని నేను చూసింది మూడేళ్ళ వయసులో. ఆవిడ నాకు ఉత్తరం చివర రెండు మాటలు, అంతే. రెండు రోజులు ఆగితే పోయిన మనిషి ఇంకా పోతుందా అనుకున్నాను. ఉత్తరం మడిచి స్కూలు అట్లాసులో పెట్టాను. ఆరింటికి అమ్మ వచ్చి, "ఉత్తరాలేవన్నా ఉన్నాయా?" అంది. "నో" అన్నాను. ఇంట్లో ఇంగ్లీషులో జవాబు చెబితే ఊరుకోని మనిషి, ఆ రోజు అలసిపోయి ఊరుకుంది.

శనివారం అమ్మ పట్టుచీర కట్టుకుంది. రైల్లో నా ఉంగరాలు చెదరకుండా కిటికీ పక్కకి తనే జరిగింది. హాలు నిండా జనం. పైనుంచి కింద దాకా గుండెల మీద పతకాలు గుచ్చుకున్న పెద్దపిల్లలు నడుస్తుంటే గలగలమంటున్నారు. జడ్జి ఒక చిన్న బల్ల దగ్గర కూర్చుని, చాలనుకున్నప్పుడు చేతిగంట కొడతాడు. చిన్నపిల్లల వంతులో ఒక ఐదేళ్ళది గంట మోగేసరికి కంగారుపడి, జడ్జికి పెట్టవలసిన వందనం టీ డ్రమ్ముకి పెట్టింది. అమ్మ పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఈ దేశంలో అడుగుపెట్టాక అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను చూడలేదు. పక్కనున్న ఐరిష్ ఆవిడ శాండ్‌విచ్ ఇస్తే తీసుకుని తింది. అకార్డియన్ మీద జిగ్ అనే గెంతుల పాట వాయిస్తుంటే తొడ మీద వేళ్ళతో లెక్కపెట్టి, "తకిట తకిట... మూడేసి దెబ్బలు, ఇది మన తిశ్రమే కదే! ఇన్నాళ్ళూ చెప్పవే?" అని నన్ను పొడిచింది. అమ్మకి నా డాన్సు నచ్చింది ఆ ఒక్క రోజే.

నేను స్టేజీ ఎక్కాను. లోపల ఏమీ లేదు. భయం లేదు, సంతోషం లేదు, అమ్మమ్మ లేదు. చేతులు పక్కన ఎవరివో వేలాడుతున్నట్టున్నాయి. కాళ్ళు వాటి పని అవి చేశాయి. గంట ఎప్పుడు మోగిందో కూడా నాకు తెలియదు, సిస్టర్ గెరటీ పక్కనుంచి పిలిస్తే ఆగాను. రెండో బహుమతి వచ్చింది. జడ్జి చీటీలో, చేతులు ఎంతో నిశ్చలంగా ఉన్నాయి, మొహం ప్రశాంతంగా ఉంది, మిగిలిన పిల్లలు చూసి నేర్చుకోవాలి అని రాశాడు. సిస్టర్ గెరటీ దాన్ని అందరికీ చదివి వినిపించింది. అమ్మ నన్ను రెండు చేతులా దగ్గరికి లాక్కుని, పంచదార నీళ్ళకి అట్టకట్టిన నా జుట్టు మీద ముద్దు పెట్టుకుంది.

సోమవారం సాయంత్రం అమ్మ కాఫీ కలుపుకుని కూర్చున్నాక ఉత్తరం తెచ్చి చేతికిచ్చాను. చదవలేదు. ఇచ్చి నిలబడ్డాను. అమ్మ ఒకసారి నా వంక చూసి, తనే విప్పి చదువుకుంది. లేచి స్నానాల గదిలోకి వెళ్ళి కట్టుకున్న చీరతోనే తల మీద చన్నీళ్ళు గుమ్మరించుకుంది. చావు కబురు ఇంట్లో ఉంచకూడదు కాబట్టి ఉత్తరం ముక్కలు చేసి పెరటి వైపు డస్ట్‌బిన్‌లో పడేసి వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా వంటింట్లో నిలబడి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"శనివారం మనం రీడింగ్‌లో ఉన్నాం కదూ?" అంది.

"అవునమ్మా."

"ఆ రోజు నేను నవ్వానా?"

"లేదమ్మా" అన్నాను.

"నవ్వాను" అంది అమ్మ. తర్వాత చీర మార్చుకుని, నాన్న డ్యూటీ నుంచి వచ్చే వేళయిందని బియ్యం కడిగింది.

నేను ఇంకో ఏడాది క్లాసుకి వెళ్ళి మానేశాను. సిస్టర్ గెరటీ ఇంటికి వచ్చి అడిగితే మోకాలు నొప్పి అని చెప్పాను. డాక్టరు కూతురు కాబట్టి నమ్మింది. అమ్మ ఆ తర్వాత ఏ పోటీకీ రాలేదు, నేనూ రమ్మనలేదు. ఉత్తరాలు కూడా ఇక పైకి చదివించుకోలేదు. తనే విప్పుకుని చదువుకునేది. మా మధ్య మాటలు తగ్గలేదు, కూరలో ఉప్పు గురించీ, నా పరీక్షల గురించీ, తర్వాత నా పెళ్ళి గురించీ బోలెడు మాట్లాడుకున్నాం. బయటి నుంచి చూసేవాళ్ళకి ఏ లోటూ కనిపించదు. నాకే కనిపించలేదు.

ఇప్పుడు కబురు అందడానికి వారం పట్టదు. అమ్మ పోయిన అరగంటకే తెనాలిలో అందరికీ తెలిసింది, నీనా డాన్సు టీచరుకి కూడా తెలిసింది. కానీ ఈ దేశంలో దహనానికి ఖాళీ దొరకాలి. మాకు పదిహేడో రోజున దొరికింది. పదో రోజుకి అమ్మ ఇంకా ఆసుపత్రి వాళ్ళ చల్లటి గదిలోనే ఉంది. మనిషే వెళ్ళకుండా పదో రోజు ఎలా చెయ్యాలో పురోహితుడు గారికీ తెలియలేదు, చూద్దాం లెండి అన్నారు. ఆ సాయంత్రం మా అమ్మాయికి ఆఫీసులో ఆలస్యమైతే నీనాని డాన్సు క్లాసుకి నేనే దింపాను. కారులో కూర్చుని గంటసేపు రేడియో విన్నాను. తప్పు చేస్తున్నానని కూడా అనిపించలేదు. ఆ వయసులో తప్పని తెలిసి చేశాను, ఈ వయసులో తెలియడం కూడా ఆగిపోయింది. ఏది నయమో నాకు తెలియదు.

ఆ ఉత్తరం గురించి అమ్మతో ఒక్కసారి మాట్లాడాను. ఆసుపత్రిలో, చివరి నెలలో, మధ్యాహ్నం పూట. అమ్మ నిద్రపోలేదు, కిటికీలోంచి కార్ పార్కు చూస్తోంది.

"అమ్మా, అమ్మమ్మ పోయిన ఉత్తరం సోమవారం రాలేదు. గురువారమే వచ్చింది. నేనే దాచాను" అన్నాను.

"తెలుసు" అంది.

ఎలా తెలుసని నేనడగలేదు. చదవకుండా చేతికిచ్చిన ఉత్తరం అదొక్కటే. "మరి అప్పుడే ఎందుకడగలేదు?" అన్నాను.

"అడిగితే ఒప్పుకునేదానివి. ఏడ్చేదానివి. చిన్నపిల్ల ఏడిస్తే దగ్గరికి తీసుకోవాలిగా. నాకప్పుడు నిన్ను తీసుకోవాలని లేదే."

"తర్వాత?"

అమ్మ మళ్ళీ కిటికీ వైపు చూసింది. కోపంగా కాదు, నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు. "తర్వాత అలవాటైపోయింది" అంది.

పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లల్ని తల్లులు ఇక దగ్గరికి తీసుకోరు కాబోలని నేను యాభై ఏళ్ళు అనుకున్నాను. నా కూతుర్ని కూడా పన్నెండో ఏట అలాగే వదిలేశాను.